ప్రేమమ్మ పండుగ బియ్యం

మా అత్త ప్రేమమ్మకు క్రిస్మస్ డిసెంబరులో వచ్చేది కాదు. దీపావళి ప్రమిదలు ఊళ్ళో ఇంకా ఆరకముందే వచ్చేసేది. గోడలకు సున్నం ఎక్కడ దొరుకుతుంది, అరిసెలకు ఎవరి బెల్లం పాకానికి నిలుస్తుంది, చలికాలం ముదిరేలోగా ఎన్ని కట్టెలు ఎండబెట్టాలి, అన్నీ అప్పుడే. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట" అని మా మామ ఇశ్రాయేలు ఏటా ఎగతాళి చేసేవాడు. ఆమె ఏటా వినిపించుకునేది కాదు. కోడలినైన నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఆమె తొందరలో సగం పని నా నెత్తిన పడేది కదా!

పోలీసు చర్య జరిగిన ఏడు ఆమె తొందర మరీ ఎక్కువైంది. దానికి కారణం ఉంది. అంతకుముందటి ఏడు రజాకార్ల భయంతో మా వాడకు పండుగే లేదు. క్రిస్మస్ రోజు మేమంతా శేరిగూడ దిక్కు జొన్నచేలలో దాక్కుని, ముందురోజు జొన్న గటక చల్లగా తాగాం. పిల్లలు ఏడిస్తే నోళ్ళు మూశాం. సెప్టెంబరులో యూనియన్ మిలిట్రీ వచ్చి రజాకార్లు చెదిరిపోయాక, ఇబ్రహీంపట్నంలో అందరికంటే ముందు ఊపిరి పీల్చుకున్నది మా అత్తే అనుకుంటాను. "ఈసారి నా వాడల ఒక్కరు గుడ అర్ధాకలితోని లెవ్వొద్దు" అని ఆ రోజే అనేసింది.

మా వాడలో క్రీస్తును నమ్మిన ఇళ్ళన్నిటికీ ఒక ఆనవాయితీ ఉండేది. వరి అన్నం వండిన రోజు, ఎసట్లో బియ్యం పోసేముందు ఇంటి ఆడమనిషి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న చిన్న మట్టి గురిగిలో వేసేది. ఇంట్లోవాళ్ళకు చాలినా చాలకపోయినా ఆ పిడికెడు తీయాల్సిందే. ఆదివారం ప్రార్థనకు వచ్చేటప్పుడు ఆ గురిగి తెచ్చి, మా ఇంట్లో ఉన్న పెద్ద మట్టి గోలెంలో గుమ్మరించేవాళ్ళు. ఆ బియ్యంతోనే క్రిస్మస్ రోజు వాడంతా ఒకే వరుసలో కూర్చుని తినేది. గోలెం మా ఇంట్లోనే ఎందుకంటే, అందులో పురుగు పడితే మా అత్తకు నిద్రపట్టదని అందరికీ తెలుసు.

ప్రతి ఏడూ ఈ పిడికెళ్ళు కోతలప్పుడు మొదలయ్యేవి. ఆ ఏడు మా అత్త వానలు వెనకపట్టగానే మొదలుపెట్టించింది. ఇల్లిల్లూ తిరిగి, బతిమాలి, తిట్టి, మరీ మొదలుపెట్టించింది. కార్తీక పున్నమికల్లా గోలెం మెడదాకా నిండింది. చెరువు కింద పొలాలు అప్పటికి ఇంకా కోతకు రాలేదు.

మంచి రోజుల్లో అయితే అది ముందుచూపు. ఆ రోజుల్లో అది నేరంలా కనబడింది.

మా ఊరి పటేలు హన్మంత్‌రెడ్డి. దొరల మీద తిరగబడ్డ ఎర్రజెండా సంఘం నడిచిన రోజుల్లో సంఘంవాళ్ళు అతని గరిసెలు పగలగొట్టి గింజలు పంచారు. అతను ప్రాణభయంతో పట్నం పారిపోయాడు. ఆ గింజల్లో ఒక గంప మా ఇంటికీ వచ్చింది. మోసుకొచ్చింది నా పెనిమిటి ఎల్లస్వామే. దాచడానికేముంది, ఆకలిగా ఉంది, తిన్నాం. పోలీసు చర్య తర్వాత పటేలు మిలిట్రీ లారీలో కూర్చుని ఊళ్ళోకి తిరిగొచ్చాడు. సంఘంవాళ్ళు రాచకొండ గుట్టల్లోకి తప్పుకున్నారు. వాళ్ళకు అన్నం పెట్టేవాళ్ళ కోసం మిలిట్రీ ఊరూరా వెతకడం మొదలుపెట్టింది. ఇంట్లో తిండికి మించి గింజలు కనబడితే ఎవరి కోసమని అడిగేవాళ్ళు. జవాబు నచ్చకపోతే మనిషిని తీసుకుపోయేవాళ్ళు. పోయినవాళ్ళందరూ తిరిగిరాలేదు.

మా మామ ఒకరోజు గోలెం వైపు చూస్తూ, "ఏమే, గా బియ్యం సంగతి జర ఆలోచన చెయ్యి. దినాలు మంచిగ లేవు" అన్నాడు.

"దొంగతనం చేసిన్నా? పండుగ బియ్యానికి ఫికర్ దేనికి?" అని అత్త అతని నోరు మూయించింది.

వాళ్ళు మిట్టమధ్యాహ్నం వచ్చారు. ముందు పటేలు, వెనుక ఒక సుబేదారు, తుపాకులు పట్టుకున్న జవాన్లు, వాళ్ళతో పెద్ద మీసాల హవల్దారు ఒకడు. ఎల్లస్వామి వాకిట్లో సున్నం కలుపుతున్నాడు. హవల్దారు ఇంట్లోకి వచ్చి గోలెం మీది తట్ట తీసి, బియ్యంలోకి తుపాకీ కొన దించి, లోపల ఇంకేమైనా ఉందేమోనని కలియతిప్పాడు. బియ్యమే, అడుగుదాకా బియ్యమే. గోలెం వాకిట్లోకి వచ్చింది.

"గిన్ని బియ్యం ఎవనికి?" అన్నాడు పటేలు.

"పండుగకు పటేలా" అంది అత్త.

"గా పండుగ ఎప్పుడు?"

"వచ్చే నెలల."

పటేలు నవ్వాడు. గోలెంలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి సుబేదారు ముందు అరచెయ్యి చాపాడు. అందులో పాత బియ్యం ఉంది, దంపుడు బియ్యం ఉంది, నూకలున్నాయి, ఎర్ర గింజలున్నాయి. సుబేదారుకు తెలుగు రాదు. పటేలు ఉర్దూలో చెప్పాడు. ఇది ఒక్క ఇంటి బియ్యం కాదు సాబ్, ఇంటింటా వసూలు చేసింది, గుట్టల్లో ఉన్నవాళ్ళకు ఇట్లాగే జమచేస్తారు అని. అతను చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. సంఘంవాళ్ళకూ ఊళ్ళల్లో అట్లాగే జమచేసేవాళ్ళు.

జవాన్లు ఎల్లస్వామి రెక్కలు వెనక్కి విరిచి కట్టారు. నేను అడుగు ముందుకు వేస్తే మామ నా కొంగు పట్టి ఆపాడు.

అత్తకు అంగళ్ళలో తిరిగి తిరిగి ముక్కల ఉర్దూ వచ్చు. పటేలును దాటుకుని సుబేదారుకే చెప్పింది, పిడికెడు సంగతి. సుబేదారు విన్నాడు. వాడలోని ఆడవాళ్ళనందరినీ పిలిపించమన్నాడు. అందరూ వచ్చి గోడ వెంట నిలబడ్డారు.

"దీంట్ల బియ్యం ఏసినోళ్ళు ముందుకు రార్రి" అన్నాడు పటేలు.

ఎవరు వస్తారు? వేశాం అన్నవాళ్ళు రేపు సంఘంవాళ్ళకు అన్నం పెట్టినవాళ్ళ కింద లెక్క. వాళ్ళ మొగుళ్ళనూ కట్టేస్తారు. వరుసగా అందరి మొహాలూ చూశాను. ప్రతి ఆదివారం అత్త ముందు గురిగి బోర్లించినవాళ్ళే, ఇప్పుడు నేల చూస్తున్నారు. వాళ్ళ మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ వరుసలో నేనుంటే నేనూ నేలే చూసేదాన్ని. అయినా కోపం వచ్చింది.

అత్త వాళ్ళ వైపు చూడలేదు. "వాళ్ళనెందుకు అడుగుతవ్ పటేలా? గోలెం నాది. నన్ను తోల్కపోర్రి, పిల్లగాన్ని ఇడువుర్రి" అంది.

అప్పుడు వరుసలోంచి బుగ్గమ్మ కదిలింది. పక్కింటి మనిషి, అత్తకు పడనిది. బుగ్గమ్మ గురిగిలో బియ్యం కంటే రాళ్ళెక్కువని అత్త, ఇచ్చేదానికి వంకలు పెడుతుందని బుగ్గమ్మ, ప్రతి ఆదివారం ప్రార్థన ముగియగానే ఇద్దరికీ కయ్యమే. బుగ్గమ్మ తిన్నగా తన ఇంట్లోకి పోయింది. తలుపేసుకోవడానికి పోయిందనుకున్నాం. గురిగి చేత్తో పట్టుకుని వచ్చి సుబేదారు మొహం ముందు పెట్టింది.

"నేనిచ్చిన. ఇగో, వచ్చే ఆయితారానికి గుడ తీసిపెట్టిన. నా బియ్యంల రాళ్ళున్నయని గీ ప్రేమమ్మ ఎప్పటికీ నన్ను తిట్టుడే. సంఘపోళ్ళకైతే రాళ్ళున్నా తింటరు, తిట్టరు గద!"

పటేలు దాన్ని ఉర్దూలోకి మార్చలేదు. మార్చాల్సిన పని లేకపోయింది. గోడ వెంట నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే ఇళ్ళల్లోకి పోయి, ఒక్కొక్కరే గురిగి పట్టుకుని వచ్చారు. సుబేదారు ప్రతి గురిగిలోకీ వంగి చూశాడు. అన్నిట్లోనూ అడుగున ఇంతింత బియ్యం. హవల్దారు కూడా చూశాడు.

సుబేదారు మంచివాడో చెడ్డవాడో నేను చెప్పలేను. తప్పు తన మీదికి రాకుండా పని ముగించుకోవాలనుకునే మనిషి. కాసేపు ఆలోచించి తీర్పు చెప్పాడు. పండుగ కోసమే అయితే పండుగ రోజు తెలుస్తుంది. ఆ రోజు తానే వచ్చి చూస్తాడు. ఈ బియ్యం వాడంతా కూర్చుని తింటే ఎల్లస్వామిని వదిలేస్తాడు. లేకపోతే సంఘంవాడి కింద జమకట్టి పట్నం జైలుకు పంపుతాడు. అంతదాకా వీడు చెరువు కట్ట అవతలున్న మిలిట్రీ క్యాంపులో ఉంటాడు.

పటేలు వెంటనే అందుకున్నాడు. బియ్యం ఒక్కచోట ఉంచితే గుట్టలకు పోతుంది సాబ్, ఎవరిది వాళ్ళకు పంచి ఇళ్ళల్లో పెట్టించండి అన్నాడు. సుబేదారు సరే అన్నాడు. పటేలుకు మా కడుపుల సంగతి తెలుసు. ఆకలితో ఉన్న ఇంట్లో బియ్యం పండుగదాకా ఉండదని తెలుసు. సుబేదారుకు అది తెలియదు.

కలిసిపోయిన బియ్యంలో ఎవరిది ఏదని తీస్తాం? అత్త వాకిట్లో కూర్చుని, వచ్చినవాళ్ళ కొంగుల్లో దోసిళ్ళతో పోసింది. లారీ చెరువు కట్ట ఎక్కి పోయేదాకా ఎల్లస్వామి మా వైపే చూశాడు.

కోతలు మొదలయ్యాయి. పటేలు మా వాడవాళ్ళనెవరినీ కోతకు పిలవలేదు. యాచారం నుంచి కూలీలను తెచ్చుకున్నాడు. చెరువు కింద పొలమంతా అతనిదో, అతని చుట్టాలదో. మాకు కూలి లేదు, వడ్లు లేవు. ఆకుకూరలు, గడ్డలు, ఉంటే గటక. ప్రతి ఇంట్లోనూ ఒక మూలన పండుగ బియ్యం ఉంది, పిల్లలు దాని చుట్టే తిరుగుతున్నారు.

అత్త చెయ్యాల్సిన పని ఒక్కటి లేదు. ఆమెను అట్లా చూడడం నాకు అదే మొదలు. సున్నం వేసిన గోడకే మళ్ళీ సున్నం వేసింది. చీల్చిన కట్టెలనే మళ్ళీ చీల్చింది. ప్రతి పండుగనూ రెండు నెలల ముందే చేతిలో పట్టుకునే మనిషి, ఇప్పుడు పండుగను పక్కిళ్ళ పొయ్యిల మీద వదిలేసి కూర్చుంది. మామ పోయి మా పాస్టరు అయ్యగారిని పిలుచుకొచ్చాడు. అయ్యగారు క్యాంపు గేటు దాకా పోయాడు, లోపలికి రానివ్వలేదు.

అత్త రోజూ ఒక ముంతలో గటక పట్టుకుని క్యాంపుకు పోయేది. కాపలావాడు ముంత లోపలికి పంపేవాడు, ఖాళీ ముంత తిరిగొచ్చేది. తిన్నది ఎల్లస్వామో ఇంకెవరో తెలిసేది కాదు. అయినా ఆ ఖాళీ ముంతే మాకు కబురు. పండుగ దగ్గరపడ్డాక ఒకరోజు ముంత నిండుగానే తిరిగొచ్చింది. ఎందుకని అత్త అడిగితే కాపలావాడు పొమ్మన్నాడు. మర్నాడూ నిండుగానే వచ్చింది. ఆ గటకను మేము ముట్టుకోలేదు. ముగ్గురం దాన్ని మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. నా పెనిమిటి బతికే ఉన్నాడా అన్న మాట నా నోట్లోకి వచ్చి ఆగిపోయింది.

అదే రోజు బుగ్గమ్మ ఇంట్లోంచి అన్నం ఉడికే వాసన వచ్చింది. ఆకలిగా ఉన్న ముక్కుకు వరి అన్నం వాసన ఎంత దూరమైనా తెలుస్తుంది. నేను లేచి కొంగు బిగించాను. "మా ఇంటి మనిషి ప్రాణం ఉడుకబెట్టుకొని తింటున్నవా అని అడిగొస్తా" అన్నాను.

అత్త దారికి అడ్డం నిలబడింది. "అడుగకు లీదియా. ఆమె బిడ్డ బాలింత. నిన్న సందెల్ల కాన్పయింది, బియ్యం గంజి తాగకుంటే పాలు పడవు."

"మరి నీ కొడుకు?"

"ఎవ్వరిని అడుగొద్దు. అడిగితే, లేదన్నోళ్ళు మళ్ల మన మొఖం చూడలేరు. ఉన్నోళ్ళు తెస్తరు." ఇది చెబుతున్నప్పుడు ఆమె గొంతులో ధైర్యం లేదు. నాకు ఆమె మీద జాలి, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. ఆ ముందుచూపే లేకపోతే ఈ తిప్పలన్నీ ఉండేవా అని మనసులో తిట్టుకున్నాను.

క్రిస్మస్ పొద్దున మంచు బాగా పడింది. ప్రార్థన చిన్నగా ముగించాం. అత్త వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి పెట్టి, పక్కన ఖాళీ గోలెం పెట్టి, దాని పక్కన కూర్చుంది. వీధి వైపు చూడడం లేదు. నేనే చూస్తున్నాను.

మొదట ముత్యాలు భార్య వచ్చింది. కొంగుముడి విప్పి బియ్యం పోసింది. ముడి నిండుగానే ఉంది. తర్వాత సుగుణమ్మ, ఆ తర్వాత మిగతావాళ్ళు. ఒకామె ముడిలో సగమే ఉంది, పోసి మొహం తిప్పుకుంది. అత్త ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఇంకొకామె ముడిలో మేము ఇచ్చినదానికంటే ఎక్కువ ఉంది. ఎక్కడిదని నేను అడగలేదు. పిల్లలు చిక్కిపోయి ఉన్నారు. వాళ్ళ మొహాలు చూసి, తెచ్చినవాళ్ళ బియ్యం చూసి, ఇన్ని రోజులు వాళ్ళను తిట్టుకున్నందుకు నాకు సిగ్గేసింది.

చివరికి బుగ్గమ్మ వచ్చింది. నెత్తి మీద కట్టెలమోపు ఉంది. దింపి పొయ్యి ముందు పడేసి, "బియ్యం తిన్నం. కట్టెలు తెచ్చిన" అంది.

"మంచిగ ఎండిన కట్టెలే తెచ్చినవ్, నయం" అంది అత్త.

అన్నం ఉడికింది, పప్పుచారు ఉడికింది. మోదుగ విస్తర్లు పరిచి, ఎవరమూ ముట్టుకోకుండా సుబేదారు కోసం కూర్చున్నాం. పొద్దు నడినెత్తికి వచ్చింది. పిల్లలు ఏడవడం మొదలుపెట్టారు. మామ కట్ట దాటి పోయి క్యాంపు కాపలావాడిని అడిగి వచ్చాడు. ఆ సుబేదారు అక్కడ లేడట. వారం కిందట అతన్ని నల్లగొండ దిక్కు మార్చారట. కొత్త సాబ్ వచ్చాడట. రేపు పొద్దున ఖైదీలను పట్నం జైలుకు తోలుతారట.

ఇంత బియ్యం కాపాడి తెస్తే, చూడాల్సినవాడు లేడు.

అత్త లేచింది. పాత గుడ్డ చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుంది. "గా అన్నం గంప ఎత్తుర్రి" అంది.

"యాడికి?" అన్నాడు మామ.

"ఆయన రాకపోతే మనమే పోదాం. క్యాంపు ముందర్నే తిందాం."

"కాలుస్తరే."

"కడుపు నిండినంక కాల్చమందాం."

ఆమె నడిచింది. ఆమె వెనక బుగ్గమ్మ పప్పుచారు కుండ ఎత్తుకుని నడిచింది. ఇక మిగతావాళ్ళు ఎట్లా ఆగుతారు? చెరువు కట్ట మీద ఆడా మగా పిల్లలూ అందరం, విస్తర్లు చంకన పెట్టుకుని పోయాం. క్యాంపు ముందుకు రాగానే కాపలావాడు తుపాకీ ఎత్తాడు. అత్త గంప దింపి, తుపాకీ ముందే నేల మీద కూర్చుంది. మేమూ వరుసగా కూర్చున్నాం. నా పక్కనున్న పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దాని గోళ్ళు నాకు గుచ్చుకున్నాయి.

లోపల వరండాలో పటేలు కొత్త సాబ్‌తో చాయ్ తాగుతున్నాడు. లేచి వచ్చి, ఇది సంఘంవాళ్ళ ఊరేగింపు సాబ్, చూస్తారేంటి అన్నాడు. కొత్త సాబ్ చిన్న వయసువాడు. తుపాకీ దించమని చెప్పలేదు, కాల్చమనీ చెప్పలేదు. "క్యా హై యే?" అని అడిగాడు.

అత్త లేవలేదు. విస్తరి వేసి అన్నం వడ్డిస్తూనే జవాబు చెప్పింది. "సాబ్, ఆజ్ బడా దిన్. పహ్లేకే సాబ్ జబాన్ దియే." ఈరోజు క్రిస్మస్ అని, మొదటి సాబ్ మాట ఇచ్చాడని, చూడడానికి ఆయన రాలేదు కాబట్టి చూపించడానికి తామే వచ్చామని, ఈ బియ్యం గుట్టలకు పోలేదని తన ముక్కల ఉర్దూలో చెప్పింది. చెప్పి, "తినుర్రి" అంది మాతో.

మేము తిన్నాం. తుపాకీ వైపు చూస్తూనే ముద్దలు మింగాం. పిల్లలకు ఆ బాధ లేదు, ఆవురావురుమని తిన్నారు. కొత్త సాబ్ వాళ్ళనే చూస్తున్నాడు. అప్పుడు లోపలి నుంచి పెద్ద మీసాల హవల్దారు వచ్చాడు. మమ్మల్ని చూసి ఆగాడు. సాబ్ దగ్గరికి పోయి సెల్యూట్ కొట్టి, పిడికిలి ముడిచి చూపిస్తూ మెల్లగా ఏదో చెప్పాడు. పటేలు మధ్యలో మాట కలపబోతే సాబ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

ఎల్లస్వామిని బయటికి తెచ్చారు. గడ్డం పెరిగింది, నడక మారింది, బతికే ఉన్నాడు. నేను అందరి ముందూ గట్టిగా ఏడ్చాను. సాబ్ పొమ్మన్నట్టు తల ఊపి లోపలికి వెళ్ళిపోయాడు. పటేలు చాయ్ సగంలో వదిలేసి వేరే దారిన పోయాడు.

అత్త తన పక్కన జాగా చూపించి విస్తరి వేసింది. నిండా అన్నం పెట్టి పప్పుచారు పోసింది. "తిను బిడ్డా" అంది.

అతను చెయ్యి పెట్టాడు. వేళ్ళు ముడుచుకోలేదు. ఉబ్బి నల్లబడ్డాయి, రెండు వేళ్ళకు గోళ్ళు లేవు. మెతుకులు జారిపోతున్నాయి. గటక ముంత ఎందుకు నిండుగా తిరిగొచ్చిందో అప్పుడు అర్థమైంది. బుగ్గమ్మ గట్టిగా కొంగు నోట్లో కుక్కుకుంది.

అత్త కొడుకు చేతిని తన ఒళ్ళోకి తీసుకుని, రెండో చేత్తో ముద్ద కలిపి నోట్లో పెట్టింది. అతను నమిలి మింగాడు. ఇంకో ముద్ద పెట్టింది. తుపాకీవాడు చూస్తూనే ఉన్నాడు. విస్తరి ఖాళీ అయింది.

"అవ్వా, ఇంకింత పెట్టు" అన్నాడు ఎల్లస్వామి తల్లితో.